కణంలో ఎర్ర సిగ్నల్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ కమిటీవారు నాకు రెండు షరతులు పెట్టారు. ఏదైనా సైన్సు విషయం మాట్లాడాలి, అది పదో తరగతి పిల్లలకు అర్థం కావాలి. మాస్టార్లకు విసుగు పుట్టకూడదు. రెండూ ఒకేసారి నెరవేర్చడం కష్టమే. నేను రైల్వేలో సిగ్నల్ ఇంజనీరును. ముప్ఫై ఏళ్లుగా నా ఉద్యోగమంతా ఎర్ర దీపం, పచ్చ దీపం చుట్టూనే తిరిగింది. కాబట్టి ఈరోజు కూడా సిగ్నల్ గురించే మాట్లాడతాను. అయితే అది పట్టాల పక్కన ఉండేది కాదు. మన ఒంట్లో ఒక కణం రెండుగా చీలబోయే ముందు లోపల వెలిగే ఎర్ర సిగ్నల్.

కణ విభజన పాఠం గుర్తుందా? ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ. నాలుగు బొమ్మలు వేసి భాగాలు గుర్తిస్తే నాలుగు మార్కులు. కండె పోగులు క్రోమోజోములకు అతుక్కుంటాయని అందులో ఒక మాట వచ్చేది. 'అతుక్కుంటాయి' అని చదివేసి మనం తరువాతి దశకు వెళ్లిపోయేవాళ్లం. ఏ పోగు దేనికి అతుక్కోవాలి? తప్పుగా అతుక్కుంటే? అది తప్పని కణానికి తెలిసేదెలా? తెలిస్తే సరిచేసేదెవరు? నా ప్రసంగమంతా ఆ ఒక్క మాట గురించే.

లెక్క ఎంత పెద్దది

మనిషి కణంలో 46 క్రోమోజోములు. ఈ అంకె కూడా 1956 దాకా సరిగా తేలలేదు. అంతకుముందు ముప్ఫై ఏళ్లకు పైగా పుస్తకాల్లో 48 అనే ఉండేది. స్వీడన్‌లో టియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జాగ్రత్తగా లెక్కపెట్టి దాన్ని దిద్దారు.

విభజనకు ముందు ఒక్కో క్రోమోజోము తన నకలు తయారుచేసుకుంటుంది. అసలూ నకలూ వెంటనే విడిపోవు. కొహెసిన్ అనే ప్రొటీను ఉంగరాలు ఆ రెంటినీ కలిపి ఉంచుతాయి. ఈ జంటలో ఒక్కోదాని నడుము దగ్గర ఒక కొక్కెం లాంటి కట్టడం ఉంటుంది. దాని పేరు కైనెటోకోర్. జంటకు రెండు కొక్కేలు, 46 జంటలకు 92 కొక్కేలు.

కణం రెండు కొసల నుంచి సూక్ష్మనాళికలు బయలుదేరతాయి. మన పాఠంలోని కండె పోగులు ఇవే. ఒక్కోటి 25 నానోమీటర్ల మందం. అవి పెరుగుతూ, ఉన్నట్టుండి కరిగి కురచబడుతూ, మళ్లీ పెరుగుతూ ఉంటాయి. కరెంటు పోయినప్పుడు చీకట్లో చేతులు చాచి అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు ఉంటుంది వాటి పని. చేతికి తగిలిన కొక్కేన్ని పట్టుకుంటాయి. మనిషి కణంలో ఒక్కో కొక్కేనికి ఇలాంటి పోగులు ఇరవై దాకా తగులుకుంటాయి.

జంటలో ఒక కొక్కెం ఎడమ కొస నుంచి వచ్చిన పోగులకు, రెండోది కుడి కొస నుంచి వచ్చిన పోగులకు తగులుకోవాలి. అప్పుడే విడిపోయేటప్పుడు చెరోటి చెరో పిల్ల కణంలోకి వెళతాయి. రెండు కొక్కేలూ ఒకే వైపుకు తగులుకుంటే ఆ జంట మొత్తం ఒకే కణంలోకి పోతుంది. ఒక కణానికి 47, రెండోదానికి 45 మిగులుతాయి.

పోగులకు కళ్లు లేవు. ఒక్కో జంట సరిగా తగులుకునే అవకాశం బొమ్మా బొరుసూ లాగా సగానికి సగం అనుకుందాం. 46 జంటలూ మొదటి ప్రయత్నంలోనే సరిగా పడే అవకాశం ఎంత? పిల్లలూ, రెండును రెండుతో 46 సార్లు వచ్చేలా గుణించి చూడండి. సుమారు 70 లక్షల కోట్లు వస్తుంది. అన్నిసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి. నిజానికి జంటలోని రెండు కొక్కేలు వీపులు ఆనించుకున్నట్టు ఎదురు దిక్కులకు తిరిగి ఉంటాయి కాబట్టి పరిస్థితి ఇంత ఘోరం కాదు. అయినా మొదట్లో తప్పుగా తగులుకోవడం మామూలే. మరోవైపు మన ఎముకల్లోని మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారుచేస్తోంది. వాటి వెనుక అన్నన్ని విభజనలు సక్రమంగా జరగాలి. ఇదెలా సాధ్యం?

ఇంకో లెక్క వేద్దాం. సరిగా తగులుకున్న జంటల్ని అలాగే ఉంచి, తప్పుగా తగులుకున్నవాటిని మాత్రం వదిలించి మళ్లీ ప్రయత్నించనిస్తే? పది ప్రయత్నాలయ్యాక కూడా ఒక జంట తప్పుగానే మిగిలే అవకాశం 1024లో ఒకటి. 46 జంటలు ఉన్నాయి కాబట్టి ఎక్కడో ఒక తప్పు మిగిలే అవకాశం సుమారు 23లో ఒకటి. ఇరవై ప్రయత్నాలిస్తే సుమారు 23 వేలలో ఒకటి. 70 లక్షల కోట్ల సమస్య ఇరవై ప్రయత్నాల్లో లొంగిపోయింది. మొదటిసారే సరిగ్గా పట్టుకోవాలన్న పట్టుదల కణానికి లేదు. తప్పు పట్టును వదిలించే ఏర్పాటు మాత్రం ఉంది. ఈరోజు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

కానీ ఏది తప్పో తెలిస్తేనే కదా వదిలించేది.

బిగువే సాక్ష్యం

ఆరిన చీర మడతపెట్టేటప్పుడు ఇద్దరు చెరో వైపు అంచులు పట్టుకుని లాగుతారు. చీర బిగుస్తుంది. ఒకరే రెండు కొసలూ పట్టుకుంటే మధ్యలో వేలాడుతుంది. కళ్లు మూసుకుని ఆ చీర మీద చెయ్యి వేసినా, ఇద్దరు లాగుతున్నారో ఒకరే పట్టుకున్నారో చెప్పేయగలం.

క్రోమోజోము జంట కూడా అంతే. రెండు కొక్కేలూ ఎదురు కొసలకు తగులుకుంటే పోగులు అటూ ఇటూ లాగుతాయి, మధ్యలో కొహెసిన్ బంధం ఊడకుండా నిలబడుతుంది, జంట బిగుస్తుంది. ఒకే వైపుకు తగులుకుంటే బిగువు రాదు.

దీన్ని చేత్తో చేసి చూపించినవాడు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ నిక్లస్. ఆయన ఎంచుకున్నవి మిడత వీర్యకణాలను పుట్టించే కణాలు. అతి సన్నని గాజు సూదితో బతికున్న కణంలోని క్రోమోజోమును కదిలించేవాడు. 1969లో ప్రచురించిన ప్రయోగంలో క్రోమోజోముల జంటను కావాలనే తప్పుగా తగులుకునేలా చేశాడు. వదిలేస్తే కాసేపటికి ఆ తప్పు పట్టు ఊడి, జంట సర్దుకునేది. అదే తప్పు పట్టును సూదితో రెండోవైపుకు లాగి ఉంచితే ఊడేది కాదు. లాగుతున్నంతసేపూ గట్టిగా నిలిచేది. అంటే కణం చూస్తున్నది తప్పొప్పులను కాదు, బిగువును. బిగువుంటే ఉంచు, లేకపోతే వదిలించు. ఇంత చిన్న నియమంతో అంత పెద్ద పని జరుగుతోంది.

ఆ నియమాన్ని అమలుచేసే చెయ్యి ఏది? అది దొరకడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ చెయ్యి వాడే పనిముట్టు మాత్రం చాలా చిన్నది. ఫాస్ఫేటు.

ఒక చిన్న ఫాస్ఫేటు

ఫాస్ఫేటు అంటే ఒక భాస్వరం పరమాణువు, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. పొలంలో చల్లే డీఏపీలో ఉండేదీ అదే. కణంలో దాన్ని మోసుకొచ్చేది ఏటీపీ. ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే 1929లో హార్వర్డులో ఏటీపీని కనుగొన్న ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. రెండోవారు ఆయన గురువు సైరస్ ఫిస్కే. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. అంతకుముందే రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించారు. ఇప్పటికీ అది వాళ్లిద్దరి పేరుతోనే ఉంది.

ఏటీపీ చివర ఉన్న ఫాస్ఫేటును తెంచి ఒక ప్రొటీనుకు తగిలించే ఎంజైమును కైనేజ్ అంటారు. ఆ తగిలించడమే ఫాస్ఫోరిలేషన్. తగిలించిన ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము ఫాస్ఫటేజ్. తగిలిస్తే ప్రొటీను నడవడి మారుతుంది, ఊడదీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఇంట్లో స్విచ్ వేసి తీసినట్టే. ఇలా ఒక ప్రొటీను పనిని వేయనూ ఆపనూ వచ్చని 1950లలో కండరం మీద పనిచేస్తూ ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ చూపించారు. దానికి 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. మన జన్యువుల్లో ఇలాంటి కైనేజ్‌లు అయిదు వందలకు పైగా ఉన్నాయి.

మన కథలోని కైనేజ్ పేరు అరోరా-బి. జంటలోని రెండు కొక్కేలకు సరిగ్గా మధ్యలో, సెంట్రోమియర్ లోపలి భాగంలో అది కాపు వేసి ఉంటుంది. దాని చేతికి అందే దూరంలో కొక్కెం ఉంటే ఫాస్ఫేట్లు తగిలిస్తూ పోతుంది.

తగిలిస్తే ఏమవుతుంది? ఎనిమిదో తరగతిలో గాజు కడ్డీని పట్టు గుడ్డతో రుద్ది నేర్చుకున్నదే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. కొక్కెంలో పోగును నేరుగా పట్టుకునే ప్రొటీను ఒకటుంది, పేరు ఎన్‌డీసీ80. దాని తోకకు ధనావేశం. పోగు ఉపరితలానికి ఋణావేశం. అందుకే పట్టు కుదురుతుంది. ఫాస్ఫేటుకు ఋణావేశం. తోక మీద ఒక్కో ఫాస్ఫేటు చేరే కొద్దీ దాని ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది. మనిషి ఎన్‌డీసీ80 తోక మీద ఇలా ఫాస్ఫేటు చేరగల చోట్లు తొమ్మిది దాకా ఉన్నాయి. కాబట్టి ఇది ఉంటే ఉంది, లేకపోతే లేదు అన్న స్విచ్ కూడా కాదు. ఫ్యాను రెగ్యులేటరులాగా మెట్లు మెట్లుగా సడలించవచ్చు.

ఇప్పుడు బిగువును ఇందులోకి తీసుకురండి. జంట వదులుగా ఉంటే కొక్కేలు మధ్యలోని అరోరా-బికి దగ్గరగా ఉంటాయి. ఫాస్ఫేట్లు పడతాయి, పట్టు సడలుతుంది, పోగు ఊడుతుంది, ఇంకో పోగుకు అవకాశం వస్తుంది. జంట బిగిస్తే కొక్కేలు అటూ ఇటూ సాగి దూరం జరుగుతాయి. ఆ దూరం ఒక మైక్రోమీటరుకు అటూ ఇటూ. మన వెంట్రుక మందంలో పదుల వంతు. అయినా అరోరా-బి చేతికి అందకుండా పోవడానికి అది చాలు. ఈలోగా కొక్కెం దగ్గరకు చేరిన ఫాస్ఫటేజ్‌లు పాత ఫాస్ఫేట్లను ఊడదీస్తాయి. పట్టు గట్టిపడుతుంది. 2002లో టొమోయుకి టనాకా బృందం ఈస్ట్ కణాల్లో, 2004లో లాంప్సన్, కపూర్ బృందం జంతు కణాల్లో ఈ దిద్దుబాటు పనిని చూపించారు. రెండో బృందం ఒక మందుతో అరోరాను ఆపింది. తప్పు అతుకులు పోగుపడ్డాయి. మందు కడిగేస్తే అవే అతుకులు మైక్రోస్కోపు కింద చూస్తుండగా సరిపడ్డాయి.

దూరం ఒక్కటే మొత్తం వివరణ కాదని తేల్చే ప్రయోగాలు కూడా తరువాత వచ్చాయి. అరోరాను దాని మధ్య స్థానం నుంచి తప్పించినా ఈస్ట్ కణాలు చక్కగా సర్దుకున్నాయని 2013లో తెలిసింది. బిగిసిన కొక్కెం తన ఆకారం మార్చుకుని కూడా ఫాస్ఫేటును తప్పించుకుంటుందేమో అని ఇప్పుడు వెతుకుతున్నారు. పిల్లలూ, ఈ పాఠం ఇంకా పూర్తికాలేదు. రాసేవాళ్లు మీలో ఎవరైనా కావచ్చు.

బండి ఎప్పుడు కదలాలి

అతుకులు దిద్దుకోవడానికి వ్యవధి కావాలి. అన్నీ సర్దుకోకముందే కణం చీలిపోతే చేసినదంతా వృథా. ఇక్కడే నా ఎర్ర సిగ్నల్ వస్తుంది.

పోగు తగలని కొక్కెం ఊరికే ఉండదు. ఆపు, ఆపు అని కేకలు పెడుతుంది. ఆ కేక కూడా ఫాస్ఫేటు భాషలోనే. ఎంపీఎస్1 అనే మరో కైనేజ్ ఖాళీ కొక్కెం మీద ఫాస్ఫేట్లు పెడుతుంది. ఆ గుర్తులను చూసి బబ్, మ్యాడ్ అనే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. అక్కడ తయారైన నిషేధపు ప్రొటీను కణమంతా పాకి, విభజనకు అనుమతి ఇచ్చే యంత్రాంగాన్ని బిగపట్టి ఉంచుతుంది. చివరి కొక్కేనికి పోగు తగిలాక కేక ఆగుతుంది. అప్పుడు సెపరేజ్ అనే కత్తెరకు విడుదల దొరుకుతుంది. అది కొహెసిన్ ఉంగరాలను కత్తిరిస్తుంది. 46 జంటలూ దాదాపు ఒక్కసారే విడిపోతాయి. మనం చలన దశ అని బొమ్మ వేసింది దీన్నే.

92 కొక్కేల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా కణం ఆగుతుందా? ఆగుతుంది. 1995లో కాన్లీ రీడర్ బృందం చివరగా మిగిలిన ఒక్క ఖాళీ కొక్కేన్ని లేజరుతో కాల్చేసింది. కేక పెట్టేవాళ్లు లేకపోవడంతో కణం ముందుకు కదిలింది. అంతసేపూ ఆపి ఉంచింది ఆ ఒక్కటే అన్నమాట.

ఈ ఎర్ర సిగ్నల్‌ను వైద్యులు మందుగా కూడా వాడుతున్నారు. మన పెరళ్లలో, గుడి ప్రాంగణాల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే మందు తీస్తారు. అది సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వదు. పోగులు లేవు కాబట్టి కొక్కేలు ఖాళీ, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది, కణం విభజన మధ్యలో చిక్కుకుపోతుంది. అలా చిక్కుకున్న క్యాన్సర్ కణాలు చాలావరకు చచ్చిపోతాయి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరు చికిత్సలో దీనితోపాటు మెథోట్రెక్సేట్ కూడా వాడతారు. ఆ కోవ మందుల మీద లెడర్లే ప్రయోగశాలలో పని నడిపించింది మళ్లీ మన సుబ్బారావుగారే.

ఇంజనీరు అభ్యంతరం

ఇంతవరకు కణాన్ని పొగిడాను. ఇప్పుడు సిగ్నల్ ఇంజనీరుగా నా అభ్యంతరం చెప్పాలి.

మా శాఖలో మొదటి పాఠం ట్రాక్ సర్క్యూట్. 1872లో విలియం రాబిన్సన్ కనిపెట్టాడు. పట్టాల్లో చిన్న కరెంటు ప్రవహిస్తూ ఒక రిలేను ఎత్తి పట్టుకుని ఉంటుంది. బండి వస్తే చక్రాలు ఆ కరెంటును మధ్యలోనే మళ్లించేస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. అందం ఎక్కడుందంటే, పట్టా విరిగినా, వైరు తెగినా, బ్యాటరీ చచ్చినా కూడా రిలే పడిపోతుంది, ఎర్రే వస్తుంది. పరికరం చెడిపోతే బండి ఆగాలి. పచ్చ వెలగాలంటే అంతా బాగుందని రుజువు కావాలి. ఎర్రకు ఏ రుజువూ అక్కర్లేదు.

కణంలో తిరగేసి ఉంది. అక్కడ ఎర్రను పనిగట్టుకుని తయారుచేయాలి. తయారుచేసే ప్రొటీను చెడిపోతే సిగ్నల్ దానంతటదే పచ్చబడుతుంది. 1991లో ఈస్ట్ కణాల్లో మ్యాడ్, బబ్ జన్యువులను కనుగొన్నది సరిగ్గా ఇలాగే. ఆ జన్యువులు చెడిన కణాలు పోగులు దెబ్బతిన్నా ఆగకుండా చీలిపోయి చచ్చాయి. ఇలాంటి డిజైను మా దగ్గరకు వస్తే ఆమోదం దొరకదు.

మరి ప్రకృతి ఎందుకు ఆమోదించింది? నాకు తోచింది చెబుతాను. మా బండిలో వెయ్యి మంది ప్రయాణికులుంటారు, ఒక్క ప్రమాదం కూడా జరగకూడదు. ఒంట్లో లక్షల కోట్ల కణాలు. ఒకటి తప్పు చీలి చచ్చిపోతే ఒంటికి తెలియను కూడా తెలియదు. అందుకని కణం ఖర్చుకు తగ్గ భద్రత పెట్టుకుంది. ఆ లెక్క ఒక్కచోట మాత్రం కుదరదు. ఒకే ఒక్క కణం నుంచి పూర్తి మనిషి పుట్టేచోట.

"బాబాయ్, తప్పెవరిది?"

మా దగ్గరి బంధువుల్లో ఒక అమ్మాయికి ఇరవై ఆరేళ్లకు తొలి కాన్పు. బాబుకు డౌన్ సిండ్రోమ్ అని పరీక్షలో తేలింది. ఆ తరువాతి నెలల్లో ఆ ఇంటికి వచ్చినవాళ్లు అన్న మాటలు మీరు ఊహించగలరు. గ్రహణం రోజున బయటికి వచ్చావా? మంచి చెడ్డా తినకుండా ఉపవాసాలు చేశావా? మేనరికం చేసుకోవద్దంటే విన్నారా? ఒకరు పూర్వజన్మ దాకా వెళ్లారు. ఎవరూ ఆమె భర్తను అడగలేదు. అందరూ ఆమెనే అడిగారు.

ఒకరోజు ఆమె నన్ను అడిగింది. "బాబాయ్, ప్రమాదం జరిగితే మీ రైల్వేలో విచారణ చేసి తప్పెవరిదో రాస్తారు కదా. ఇందులో తప్పెవరిదో చూసి చెప్పు. నాదే అయితే నాదేనని చెప్పు."

నేను జీవశాస్త్రం పుస్తకాలు తెరిచింది ఆ రోజు నుంచే. ఇప్పటిదాకా మీకు చెప్పినదంతా ఆ విచారణలో నాకు దొరికిందే. నివేదికలో చివరి భాగం ఇది.

1959లో జెరోమ్ లెజూన్ బృందం పారిస్‌లో డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాల్లో ఒక క్రోమోజోము ఎక్కువ ఉందని చూపింది. అది 21వ క్రోమోజోము. రెండుండాల్సిన చోట మూడు. నూటికి 95 మందిలో కారణం, అండమో వీర్యకణమో తయారయ్యే క్షయకరణ విభజనలో ఒక జంట సరిగా విడిపోకపోవడం. ఎక్కువసార్లు అది అండంలో జరుగుతుంది.

అండంలోనే ఎందుకు? స్త్రీ అండకణాలు ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే విభజన మొదలుపెట్టి సగంలో ఆగిపోతాయి. నెలకొకటి చొప్పున విడుదలయ్యేదాకా, కొన్ని పదిహేనేళ్లు, కొన్ని నలభై ఏళ్లు అలాగే ఆగి ఉంటాయి. జంటలను పట్టి ఉంచే కొహెసిన్ ఉంగరాలు ఆమె పుట్టకముందు వేసినవి. ఏళ్లు గడిచే కొద్దీ అవి సడలుతాయి. బంధం సడలితే బిగువు సరిగా రాదు. బిగువు మీద ఆధారపడిన దిద్దుబాటు యంత్రాంగం మొత్తం తడబడుతుంది. పైగా అండం చాలా పెద్ద కణం, అందులో ఎర్ర సిగ్నల్ మిగతా కణాల్లో ఉన్నంత కట్టుదిట్టంగా ఉండదు. అందుకే తల్లి వయసు 35 దాటితే ఈ అవకాశం సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40కి సుమారు వందలో ఒకటి. కానీ ఏ వయసులోనూ సున్నా కాదు. ఇరవై ఆరేళ్లకూ కాదు.

గ్రహణానికి ఇందులో చోటు లేదు. ఉపవాసానికీ, ఎత్తిన బిందెకూ లేదు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి, వాటి దారి వేరు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే చెడిన జన్యువు వచ్చినప్పుడు కలిగేవి అవి. ఇక్కడ ఏ జన్యువూ చెడలేదు. మంచి క్రోమోజోమే ఒకటి ఎక్కువ వచ్చింది. జరిగింది ఒకే ఒక్క కణంలో, ఒక మైక్రోమీటరు దూరంలో, కొన్ని గంటల వ్యవధిలో. దాన్ని ఏ తల్లీ చూడలేదు, ఆపలేదు.

ఆ అమ్మాయికి నేను ఇదే చెప్పాను. మా విచారణ ఫారంలో 'బాధ్యులు' అని ఒక గడి ఉంటుంది. ఇందులో ఆ గడి ఖాళీగానే ఉంచాలమ్మా అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇదంతా మా అత్తగారికి కూడా ఇలాగే చెప్పు" అంది. వెళ్లి చెప్పాను. చీర మడత ఉదాహరణ ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. నేను పోగులూ కొక్కేలూ అని తంటాలు పడుతుంటే, "అంటే బిగువు రాలేదన్నమాట" అని ఆవిడే అందుకుంది.

పనికొచ్చే మాటలు రెండు చెప్పాలి. ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు కారియోటైప్ అనే క్రోమోజోముల పరీక్ష తప్పకుండా చేయించాలి. నూటికి ముగ్గురు నలుగురిలో అదనపు ముక్క వేరే క్రోమోజోముకు అతికి ఉంటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండవచ్చు కాబట్టి వాళ్లకూ పరీక్ష చేసి, తరువాతి కాన్పు గురించి వైద్యులు సలహా ఇస్తారు. రెండోది, ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. కాబట్టి ఎకో పరీక్ష ఆలస్యం చేయకూడదు. మా బాబుకు సకాలంలో చేయించారు. ఇప్పుడు బడికి వెళుతున్నాడు. అందరికంటే నెమ్మదిగా నేర్చుకుంటున్నాడు, నేర్చుకున్నది మరిచిపోవడం లేదు.

మన బడికి రెండు విన్నపాలు

సైన్సు మాస్టార్లకు, టీచర్లకు నా మొదటి విన్నపం. నాలుగు దశల బొమ్మ చెప్పేటప్పుడు మధ్యస్థ దశ దగ్గర ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. ఎందుకు అన్నీ మధ్యలో వరుస కట్టి ఎదురుచూస్తున్నాయని పిల్లల్ని అడగండి. ఇద్దరు పిల్లల చేతికి ఒక కండువా ఇచ్చి లాగించండి. బిగువు అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ అయిదు నిమిషాల్లో డౌన్ సిండ్రోమ్ మాట కూడా చెప్పండి. ఈ పిల్లల్లో ఒకరు రేపు ఎవరి ఇంట్లోనో గ్రహణం మాట వినిపించినప్పుడు కాదని చెప్పగలిగితే, మనం పాఠం చెప్పినట్టు.

రెండోది సంఘానికి. స్వర్ణోత్సవానికి ఆర్చి కట్టాలా, గడియారం పెట్టాలా అని చర్చ జరిగింది. వాటితోపాటు ల్యాబుకు రెండు మంచి మైక్రోస్కోపులు, ఉల్లి వేరు కొనల స్లైడ్ల పెట్టె కొందాం. మా రోజుల్లో నలభై మందికి ఒక్క మైక్రోస్కోపు. వరుసలో నిలబడి కన్ను పెట్టేలోగా గంట కొట్టేసేవారు. ఇకమీదట ఈ బడిలో చదివే ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ విభజన మధ్యలో ఆగి ఉన్న ఒక కణాన్ని తమ కంటితో చూసి వెళ్లాలి. ఒక మైక్రోస్కోపు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. రెండోది ఎవరిదో ఈ సభ ముగిసేలోగా తేలితే సంతోషం.